దెబ్బ గుర్రానికి, సెలవు జాకీకి, కప్పు ఓనరుకు

(తిరుపతిలో పశువైద్య విద్యార్థులు, కొందరు న్యాయవాదులు కూర్చున్న సభలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

సభకు నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? సరే.

గుర్రప్పందేల మీద మాట్లాడతాననగానే పిలిచినవాళ్ళు కొంచెం ఇబ్బంది పడ్డారు. తిరుపతిలో పందేల సంగతేంది సార్ అన్నారు. నిజమే, మనకు గుర్రం అంటే బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి వచ్చే అశ్వవాహనం. కానీ చెన్నైకో బెంగళూరుకో పోయే రైళ్ళలో రేసు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీసుకునేవాళ్ళు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎప్పుడూ ఉన్నారు. పేర్లు చెప్పను. ఈ హాల్లోనే ఒకరిద్దరు ఉండొచ్చు. (నవ్వులు)

పందెం కాయడం మంచిదా చెడ్డదా అన్న జోలికి నేను పోను. దానికి వేరే పెద్దలున్నారు. రేసులో జాకీ, అంటే గుర్రమెక్కి తోలేవాడు, విప్‌ను, అంటే కొరడాను, ఎక్కువసార్లు వాడితే అతన్ని ఇన్ని రోజులని సస్పెండ్ చేస్తారు కదా, ఆ శిక్ష న్యాయమైనదేనా అన్నదే ఇవాళ్టి విషయం.

ఒక రేసుతో మొదలుపెడతాను. 2023 జూలై 29, ఇంగ్లండులో ఆస్కాట్ రేసు కోర్సు. కింగ్ జార్జ్ స్టేక్స్ అని క్లుప్తంగా పిలుస్తారు, అక్కడి పెద్ద రేసుల్లో ఒకటి, మొత్తం ప్రైజు 12.5 లక్షల పౌండ్లు. చివరి ఫర్లాంగుకు వచ్చేసరికి పోటీలో రెండే మిగిలాయి, హుకుం, వెస్టోవర్. హుకుం మీద జిమ్ క్రౌలీ అనే జాకీ. రెండూ పక్కపక్కనే పరుగెత్తి, చివరికి తల తేడాతో హుకుం గెలిచింది. తల తేడా అంటే గుర్రం తల ఎంత ఉంటుందో అంతే. తర్వాత వీడియో తిప్పి లెక్కపెడితే క్రౌలీ విప్ వాడింది 9 సార్లు. అక్కడ అనుమతి 6. అతనికి 20 రోజుల సస్పెన్షన్, 10 వేల పౌండ్ల జరిమానా వేశారు. పెద్ద రేసుల్లో రోజులు రెట్టింపు చేయాలని రూలు, అందుకే అన్ని రోజులు.

మరి రేసు? రేసు హుకుందే. కప్పు కదల్లేదు, ప్రైజు కదల్లేదు.

రూలులో ఇంకో మెలిక ఉంది. అనుమతించినదానికంటే నాలుగు ఎక్కువైతే, అంటే 10 కొడితే, గుర్రాన్నే డిస్‌క్వాలిఫై చేస్తారు. తొమ్మిదో దెబ్బకీ పదో దెబ్బకీ మధ్య ఒక్క చెయ్యి ఊపు. ఆ గీతకు ఇటుపక్క జాకీ ఒక్కడు ఇంట్లో కూర్చుంటాడు. అటుపక్క ఓనరు, ట్రైనరు, గుర్రం అందరూ పోతారు.

ఇప్పుడు వెస్టోవర్ వైపు నుంచి చూడండి. తల తేడాతో పోయింది. అవతలివాడు రూలు దాటాడని రూలు పెట్టినవాళ్ళే తేల్చారు. క్రౌలీ ఆగస్టులో ఇంట్లో కూర్చున్నందువల్ల వెస్టోవర్ ఓనరుకు ఒరిగిందేమిటి? క్రౌలీ ఎక్కాల్సిన గుర్రాలు వేరే జాకీలకు దొరికాయి, అంతే. ఇక హుకుం వైపు నుంచి చూడండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఆ మూడు దెబ్బలూ తిన్నది అది. దానికీ ఏమీ ఒరగలేదు. లాభం పొందిన మనిషి ఒకరే ఉన్నారు, హుకుం ఓనరు. ఆ పేరు శిక్ష కాగితంలో ఎక్కడా లేదు.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. రోజుల లెక్కన జాకీని సస్పెండ్ చేసి, ఫలితాన్ని ముట్టుకోకుండా వదిలే పద్ధతి అన్యాయం. జాకీ పాపం అమాయకుడు అని వాదించడానికి రాలేదు నేను. కొట్టినవాడు కొట్టాడు. కానీ కొట్టమన్నవాడు, కొడితే సంతోషించేవాడు, కొట్టకపోతే వచ్చేవారం ఇంకో జాకీని పెట్టుకునేవాడు ఉన్నాడే, వాడి దాకా ఈ రూలు పోదు.

ఈ రోజుల లెక్క ఎట్లా వచ్చిందో కొంచెం చెబుతాను. 2011 ఏప్రిల్‌లో ఇంగ్లండులోనే ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ అనే కంచెల రేసు జరిగింది. 7 కిలోమీటర్ల పైన దూరం, 30 కంచెలు దూకాలి. ఆ రోజు అక్కడి లెక్కలో బాగా ఎండ. బల్లాబ్రిగ్స్ అనే గుర్రం గెలిచింది. దాని జాకీ జేసన్ మాగ్వైర్‌కు విప్ ఎక్కువ వాడినందుకు 5 రోజుల సస్పెన్షన్ పడింది. గెలిచిన గుర్రం ఆయాసపడుతుంటే జాకీలు గబగబా దిగిపోవడం, బకెట్లతో నీళ్ళు కుమ్మరించడం టీవీలో జనమంతా చూశారు. అదే రేసులో రెండు గుర్రాలు చచ్చిపోయాయి. దానితో గొడవ ముదిరింది. అక్టోబరు 10 నుంచి బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ కొత్త రూలు తెచ్చింది. కంచెలు లేని ఫ్లాట్ రేసులో 7, కంచెల రేసులో 8, అందులోనూ చివరి ఫర్లాంగులో 5 మించకూడదు.

మూడు రోజులు తిరక్కుండానే రిచర్డ్ హ్యూస్ అనే పేరున్న జాకీ, వెంటవెంటనే రెండు సస్పెన్షన్లు పడేసరికి లైసెన్సు తిరిగిచ్చేశాడు. ఆ వారం చివర, అక్టోబరు 15న, ఆస్కాట్‌లో చాంపియన్ స్టేక్స్. సిరుస్ దెజెగల్ అనే ఫ్రెంచి గుర్రం గెలిచింది. జాకీ క్రిస్టాఫ్ సుమియోన్, బెల్జియం మనిషి. చివరి ఫర్లాంగులో ఆరుసార్లు కొట్టాడు. ఒక్కటి ఎక్కువ. అయిదు రోజుల సస్పెన్షన్ పడింది, తన వాటా కింద రావాల్సిన సుమారు 50 వేల పౌండ్లూ పోయాయి. ఒక్క దెబ్బకు! ఇంకో వారం కూడా గడవకముందే చివరి ఫర్లాంగులో అయిదే అన్న నిబంధనను ఎత్తేశారు. ఆ వారం ముందో వెనకో అదే దెబ్బ కొట్టి ఉంటే అతనికి ఏమీ కాదు.

దెబ్బల లెక్క పెట్టడమే తప్పని నేననను. పరిమితి ఉండాల్సిందే. అయితే లెక్క అన్నప్పుడు అది ఎక్కడ పెట్టుకోవాల్సి వస్తుందో కూడా ఆలోచించాలి. ఫర్లాంగు అంటే 200 మీటర్లు. మంచి గుర్రం దాన్ని 12 సెకన్లకు అటూ ఇటుగా దాటేస్తుంది. కింద సుమారు 500 కిలోల జంతువు, పైన 50 పైచిలుకు కిలోల మనిషి, గంటకు 60 కిలోమీటర్ల వేగం. పక్క గుర్రం మీదికి ఒరగకుండా చూసుకోవాలి, కళ్ళేలు చూసుకోవాలి, చేతుల్లో విప్ మార్చుకోవాలి, దెబ్బకూ దెబ్బకూ మధ్య గుర్రానికి స్పందించే వ్యవధి ఇవ్వాలి, ఆపైన లెక్కపెట్టుకోవాలి. అక్కడ తప్పిన లెక్కను మనం కుర్చీలో కూర్చుని, వీడియో నెమ్మదిగా తిప్పుకుంటూ సరిచేస్తాం.

ఆస్ట్రేలియావాళ్ళది మరీ విడ్డూరం. అక్కడ చివరి 100 మీటర్ల గుర్తు వచ్చేదాకా 5 దెబ్బలే. ఆ గుర్తు దాటాక సంఖ్యే లేదు, విచక్షణతో వాడమంటారు. 2020 మెల్‌బోర్న్ కప్‌లో టైగర్ మాత్ అనే గుర్రం రెండో స్థానంలో వచ్చింది. జాకీ కెరిన్ మెకెవాయ్ ఆ గుర్తుకు ముందే 13 కొట్టాడు. స్టీవార్డులు, అంటే రేసును పర్యవేక్షించే అధికారులు, 13 రేసు మీటింగుల సస్పెన్షన్, 50 వేల డాలర్ల జరిమానా వేశారు. గుర్రం రెండో స్థానం గుర్రానికే ఉంది. పశువుల డాక్టరుగా అడుగుతున్నాను, 101వ మీటరు దగ్గర హింస అయిన దెబ్బ 99వ మీటరు దగ్గర ఎట్లా ఓపదగినదైంది? గుర్రం అప్పటికి ఇంకా అలిసిపోయి ఉంటుంది కదా.

ఇక్కడ కొంచెం మన సబ్జెక్టులోకి వస్తాను. మీరంతా అనాటమీ చదువుకున్నవాళ్ళు. గుర్రం మీద ఈగ వాలితే ఏం చేస్తుంది? ఆ చోట చర్మాన్ని మాత్రమే వణికించి తోలేస్తుంది. ఈగ బరువును పసిగట్టే చర్మం అది. దాని తోలు మందం, దానికేం తెలుస్తుందిలే అనే మాట నేను ఎన్ని పల్లెల్లో విన్నానో. 2020లో ఆస్ట్రేలియాలో గుర్రం పిరుదు మీది చర్మాన్నీ మనిషి చర్మాన్నీ మైక్రోస్కోపు కింద పెట్టి పోల్చారు. పై పొర మందంలోగానీ, అందులో నొప్పిని పట్టే నరాల కొసల సాంద్రతలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇప్పటి విప్‌లు మెత్తవి, లోపల ఫోమ్ ఉంటుంది, చప్పుడే తప్ప నొప్పి ఉండదంటారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పాల్ మెక్‌గ్రీవీ అనే పశువైద్యుడు, ఆయన తోటివాళ్ళు హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే చాలా దెబ్బల్లో మెత్త లేని భాగం కూడా ఒంటికి తగులుతోంది, తగిలినచోట చర్మం లోపలికి నొక్కుకుపోవడం కళ్ళకు కనబడుతోంది.

అదే మెక్‌గ్రీవీ, డేవిడ్ ఎవాన్స్ అనే మరొకాయన కలిసి 2011లో ఇంకో సంగతి తేల్చారు. విప్ ఎక్కువగా వాడేది చివర్లో. గుర్రం ఎక్కువ వేగంతో పరుగెత్తేది అంతకు ముందు, ఇంకా విప్ పెద్దగా తియ్యకముందు. కొట్టడం మొదలయ్యేసరికి గుర్రం అప్పటికే అలిసి నెమ్మదిస్తోంది. కొట్టినందువల్ల వేగం పెరిగినట్టు వాళ్ళకు కనబడలేదు. 2020లో బ్రిటన్ రేసుల మీద మరో పరిశీలన వచ్చింది. అక్కడ నేర్చుకునే జాకీలకు విప్ వాడకూడని రేసులు కొన్ని పెడతారు. అట్లాంటివీ, వాడేవీ కలిపి 126 రేసులు పోల్చి చూస్తే కాలంలోగానీ, గుర్రాలు దారి తప్పడంలోగానీ, ఒకదానికొకటి అడ్డం పడడంలోగానీ తేడా లేదు.

ఇక్కడ నాకొక చిక్కుప్రశ్న వస్తుంది. న్యాయవాదులు ఉన్నారు కాబట్టి వాళ్ళ ముందే పెడతాను. విప్ వల్ల గుర్రం వేగంగా పోతుందా, పోదా? పోతుంది అంటే, రూలు దాటి కొట్టిన దెబ్బతో గెలిచిన గెలుపు దొంగ గెలుపు, దాన్ని వెనక్కి తీసుకోవాలి. పోదు అంటే, ఆ దెబ్బ ఉత్త నొప్పి, దాన్ని ఆరుసార్లు కూడా ఎందుకు అనుమతించాలి? ఈ రెండింటిలో ఏది నిజమైనా, ‘ఆరు కొట్టుకో, తొమ్మిది కొడితే కప్పు ఉంచుకుని జాకీని ఇరవై రోజులు ఇంటికి పంపు’ అనే రూలుకు ఆధారం దొరకదు.

జాకీ పరిస్థితి చెబుతాను. అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రతి రేసింగ్ అథారిటీ దగ్గరా ఇంకో రూలు ఉంటుంది. గుర్రాన్ని దాని శక్తి మేరకు పరుగెత్తించాలి, గెలవడానికి నిజాయితీగా ప్రయత్నించాలి. ప్రయత్నించలేదని తేలితే విప్ తప్పుకు పడే శిక్ష దాని ముందు పిల్లకాకి. అది కూడా సరైన రూలే, లేకపోతే పందేలు అమ్ముడుపోతాయి. కానీ తల తేడాతో ఓడిపోయిన జాకీని ఊహించుకోండి. ఆరు దెబ్బల దగ్గర ఆపేశాడు, ఓడిపోయాడు. గ్యాలరీలో డబ్బు పోగొట్టుకున్నవాడు ఏమంటాడు? లాగేశాడు, అమ్ముడుపోయాడు అంటాడు. మన దేశంలో రేసు కోర్సుల్లో ఫేవరెట్, అంటే అందరూ గెలుస్తుందనుకున్న గుర్రం, ఓడిపోయినప్పుడు జనం ఎట్లా ఉంటారో చూసినవాళ్ళకు నేను వివరించనక్కర్లేదు. విప్ ఊపడం అన్నది సగం గుర్రం కోసం కాదు, గ్యాలరీ కోసం. చూడండయ్యా, నేను కష్టపడుతున్నాను అని చూపించుకోవడం. ఓనరు కూడా అదే గ్యాలరీలో, కాస్త మెత్తటి కుర్చీలో ఉంటాడు.

రోజుల లెక్కలో ఇంకో పక్షపాతం ఉంది. పది రోజులంటే అందరికీ పది రోజులే కదా అనిపిస్తుంది. అనుకోవడానికి బాగుంటుంది. పెద్ద జాకీకి ఆ రోజుల్లో పెద్ద రేసు ఉందనుకోండి, లక్షలు పోతాయి. లేదనుకోండి, కుటుంబంతో నాలుగు రోజులు ఊరెళ్ళి వస్తాడు, గుర్రాలు అతని కోసం కాచుకుని ఉంటాయి. చిన్న జాకీకి అట్లా కాదు. రోజుకు రెండు మూడు రైడింగ్ ఫీజుల మీద ఇల్లు నడుస్తుంది. అతను లేని వారంలో అతని గుర్రం మీద ఇంకొకడు ఎక్కి గెలిస్తే, ఆ గుర్రం మళ్ళీ అతని చేతికి రాదు. కాగితం మీద నాలుగు రోజుల శిక్ష, వాడి బతుకులో ఆరు నెలలు లాగుతుంది.

ఆ లెక్కన అమెరికావాళ్ళ పద్ధతి కొంచెం నయం అనిపిస్తుంది నాకు. వాళ్ళకు 2022 నుంచి దేశమంతటికీ ఒక అథారిటీ వచ్చింది, హిసా అంటారు. ఆరు దెబ్బల పరిమితి. దాటితే జాకీ వాటాలో ఇంత శాతం అని జరిమానా. 2025 కెంటకీ డెర్బీలో సావరెన్‌టీ అనే గుర్రం గెలిచింది. జాకీ జూనియర్ అల్వరాడో ఎనిమిది కొట్టాడని తేలింది, రెండు ఎక్కువ. గెలిచిన గుర్రానికి 31 లక్షల డాలర్లు, అందులో జాకీ వాటా పదో వంతు, 3 లక్షల 10 వేలు. మామూలుగా అయితే అందులో 10 శాతం జరిమానా. కానీ ఆరు నెలల లోపల అది అతని రెండో తప్పు, కాబట్టి రెట్టింపు చేసి 62 వేల డాలర్లు, రెండు రోజుల సస్పెన్షన్ వేశారు. సంపాదనకు తగిన శిక్ష, అంతవరకు బాగుంది. కానీ మళ్ళీ అదే కథ. గెలిపించిన చేతికి జరిమానా వేశారు, గెలిచిన ఓనరు వాటా సెంటు తగ్గలేదు. నాలుగు దెబ్బలు ఎక్కువైతేనే గుర్రం ప్రైజు డబ్బుకు గండి. ఇక్కడా అక్కడా ఆ నాలుగు అనే అంకె మీద అంత ప్రేమ ఎందుకో నాకు అర్థం కాదు.

క్రికెట్ చూసే పిల్లలకు ఇది ఇట్టే తెలుస్తుంది. ఓవర్లు నెమ్మదిగా వేస్తే కెప్టెనుకు జరిమానా, మూడోసారి అయితే ఒక మ్యాచ్ నిషేధం అని ఐపీఎల్‌లో ఉండేది. 2024లో చేసిన తప్పుకు హార్దిక్ పాండ్యా 2025లో మొదటి మ్యాచ్ చెన్నైతో ఆడలేదు. ఏడాది కిందట ఓవర్లు ఆలస్యం చేసింది ఎవరి మీద? ఆ లాభం ఇప్పుడు ఎవరికి పోయింది? చెన్నైవాళ్ళకు! (నవ్వులు, చప్పట్లు) ఆ సీజను నుంచి కెప్టెన్ల మీద ఆ నిషేధం తీసేశారు. అంతర్జాతీయ టీ ట్వంటీల్లో 2022 నుంచే ఇంకో పద్ధతి తెచ్చారు. టైముకు ఓవర్లు వేయకపోతే మిగిలిన ఓవర్లకు బౌండరీ దగ్గర ఒక ఫీల్డరు తగ్గుతాడు. అదే మ్యాచ్‌లో, అదే ప్రత్యర్థి ముందే శిక్ష. రేసుల్లోనూ నేనడిగేది అదే. దెబ్బ ఏ రేసులో పడిందో శిక్ష ఆ రేసులోనే పడాలి.

ఇప్పుడు మన దేశం సంగతి. మీలో చంద్రగిరి వైపువాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. రంగంపేట పశువుల పండగకు నేను పోయినప్పుడల్లా నన్నొక ప్రశ్న అడుగుతారు. ‘ఏం సార్, మా కోడెలు కొమ్ములకు పలక కట్టుకుని ఊర్లో పరుగెత్తితే హింస అంటారు, పట్నంలో సూటు వేసుకున్నోళ్ళ ముందర గుర్రాన్ని బాదితే ఆట అంటారు, ఇదేం న్యాయం?’ దీనికి చట్టంలో జవాబు ఉంది, మనసుకు నచ్చే జవాబు మాత్రం కాదు. జంతువులతో ప్రదర్శనలు చేయించకూడదని కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో 2011 జూలైలో ఎద్దును చేర్చారు. గుర్రం ఆ జాబితాలో లేదు. ఎద్దు మీద సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టును ఆపుతూ ఒక తీర్పు, 2017లో దాన్ని అనుమతిస్తూ తమిళనాడు చట్ట సవరణ, దాన్ని నిలబెడుతూ 2023లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు, ఇంత నడిచింది. గుర్రం మీద పెద్ద తీర్పు 1996లో వచ్చింది, మద్రాసు రేసు క్లబ్బు వ్యవహారంలోనే. కోర్టు ముందున్న ప్రశ్న వేరు, గుర్రప్పందెం జూదమా, నేర్పుతో కూడిన ఆటా అని. నేర్పే ప్రధానం అన్నారు. గుర్రం జాతి, శిక్షణ, జాకీ సామర్థ్యం, వీటి మీద గెలుపు ఆధారపడుతుందని కారణం చూపించారు. సరే, గెలుపు నేర్పు వల్ల అని ఒప్పుకున్నాక, రూలు తప్పి వచ్చిన గెలుపును నిలబెట్టడం మరీ ఎబ్బెట్టుగా లేదూ?

ఇంకో రెండు సంగతులు మనవాళ్ళకే సరిగ్గా తెలియవు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో సెక్షన్ 11 తీయండి. అందులో నేరాల జాబితా మొదలయ్యేదే కొట్టడంతో. కొట్టినవాడితోపాటు, అట్లా కొట్టనిచ్చిన యజమాని కూడా నేరస్థుడే అని అక్కడే రాసి ఉంది. అరవై ఏళ్ళ కిందట మన పార్లమెంటు పెట్టిన మాట అది. ఓనరు దాకా పోవాలి అని నేనిప్పుడు కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మొదటి తప్పుకు జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు! (నవ్వులు) కొండ కింద బండి పార్కింగుకు కూడా చాలదు.

రెండోది, 2001లో వచ్చిన ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నియమాలు. రేసు గుర్రం మీద గాలిమెత్త ఉన్న విప్ తప్ప వేరేది వాడకూడదు. ఒక రేసులో మూడుసార్లకు మించి వాడకూడదు. చెయ్యి భుజం పైకి ఎత్తి కొట్టకూడదు. గెలుపు గీత దాటాక కొట్టకూడదు. మూడు! ఇంగ్లండువాళ్ళు 2023లో ఆరు దగ్గర ఆగితే, ఫ్రాన్సు నాలుగు దగ్గర ఆగితే, మన కాగితం మీద అంతకు ముందే మూడు ఉంది. ఇకమీద టీవీలోనో ఫోన్లోనో మన రేసు చూసేటప్పుడు చివరి ఫర్లాంగులో మీరే లెక్కపెట్టండి. నేను అంకె చెప్పను.

బండలాగుడు పందేల్లో చెర్నాకోల సంగతి కూడా ఎవరో అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తాను. ముల్లుకర్ర 1965 నుంచే నిషేధం, బండి లాగే పశువుల నియమాల్లో ఉంది. అక్కడా ఇదే చిక్కు, తోలేవాడు వేరు, జత యజమాని వేరు. దాని మీద ఇంకో రోజు మాట్లాడుకుందాం, అది వేరే రామాయణం.

సస్పెన్షన్ వద్దు, గుర్రాన్నే వెనక్కి నెట్టండి అంటే రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, పందెం కాసినవాడు ఏం పాపం చేశాడు? ఇది నిజమైన బాధే. బ్రిటన్‌లో విప్ మీద డిస్‌క్వాలిఫికేషన్ రేసు అయ్యాక కొన్ని రోజులకు కమిటీ తేలుస్తుంది, అప్పటికి పందేల డబ్బు చెల్లించేసి ఉంటారు, అది తిరగదు. అంటే రెండో గుర్రం మీద కాసినవాడికి ప్రైజు మారినా పైసా రాదు. కాబట్టి నేను కోరేది అక్కడికక్కడే తేల్చడం. అడ్డం పడిన గుర్రాన్ని స్టీవార్డులు వీడియో చూసి పది నిమిషాల్లో వెనక్కి వేస్తున్నారు కదా. దెబ్బలు లెక్కపెట్టడం దానికన్నా సులభం. అడ్డం పడ్డాడా లేదా అన్నది అభిప్రాయం, ఏడా ఆరా అన్నది లెక్క.

రెండో అభ్యంతరం గడుసుది. అట్లా అయితే లంచం తిన్న జాకీ కావాలని ఎక్కువ కొట్టి రేసు పోగొడతాడు అంటారు. అయ్యా, రేసు పోగొట్టాలనుకున్న జాకీకి గేటు దగ్గర ఒక క్షణం ఆలస్యంగా కదిలితే చాలు. మలుపులో బయటివైపు పోతే చాలు. కెమెరాల ముందు, అందరూ లెక్కపెడుతుండగా, చెయ్యెత్తి ఏడోసారి కొట్టి ఓడిపోయే మూర్ఖుడెవడు?

అయితే ఒక్క దెబ్బ ఎక్కువైనా గుర్రం మొత్తం పోవాలా? నా లెక్కలో అవును, తను ఓడించిన గుర్రాల వెనక్కి పోవాలి. కఠినంగా ఉంటుంది. మొదటి నెల గగ్గోలు పుడుతుంది, 2011లో పుట్టినట్టే. కానీ ఆ గగ్గోలు పెట్టేవాళ్ళు ఈసారి ఓనర్లు. రెండు రేసులు పోయేసరికి వాళ్ళే జాకీకి చెబుతారు, నాయనా మూడు దగ్గర ఆపేయ్, నాలుగోది కొట్టావంటే నా గుర్రం ఎక్కొద్దు అని. అప్పుడు జాకీకి రూలూ ఓనరూ, రెండు నోళ్ళూ ఒకే మాట చెబుతాయి. సస్పెన్షన్ ఉంచాలంటే ఉంచండి, గాయం చేసినవాడికి, తల మీదో డొక్క మీదో కొట్టినవాడికి, పోటీలో లేని గుర్రాన్ని బాదినవాడికి. అది లెక్క తప్పడం కాదు, క్రూరత్వం. దానికి ఇరవై రోజులు తక్కువ.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మరి విప్ పూర్తిగా తీసేస్తే సరిపోతుంది కదా?)

మంచి ప్రశ్న అమ్మా. నార్వేలో 1980ల నుంచే దాదాపు అదే పద్ధతి, అక్కడ రేసులు ఆగిపోలేదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 2021లో ప్రాణాపాయం తప్పించడానికి తప్ప వాడకూడదని పెట్టింది. ఆ జూలైలో మన్మత్ పార్కులో హాస్కెల్ స్టేక్స్ అనే పెద్ద రేసు. హాట్ రాడ్ చార్లీ అనే గుర్రం చివర్లో లోపలికి ఒరిగింది, వెనకవస్తున్న మిడ్‌నైట్ బోర్బన్ కాళ్ళు తగిలి తూలింది, దాని జాకీ కింద పడ్డాడు. అదృష్టం, గుర్రానికీ మనిషికీ పెద్ద ప్రమాదం కాలేదు. ముందు వచ్చిన హాట్ రాడ్ చార్లీని తీసేసి మాండలూన్‌ను గెలిచినట్టు ప్రకటించారు, అక్కడికక్కడే. విప్ ఉంటే గుర్రాన్ని సరిచేసేవాడు కదా అని కొందరు అన్నారు. రూలు ప్రకారం ప్రమాదం తప్పించడానికి వాడొచ్చు, విప్ చేతిలోనే ఉంది. నేనైతే విప్ ఉంచి, ముందుకు తోలడానికి వాడకుండా చేయడమే మేలంటాను. అది వచ్చేదాకా మాత్రం మూడును మూడుగా అమలు చేస్తే చాలు.

(మరో విద్యార్థి: రేసు కోర్సులో ఉద్యోగం వస్తే మేం ఏం చేయగలం సార్?)

రేసు అయ్యాక గుర్రాన్ని చూసేది మీరే. దాని ఒంటి మీద చెమట ఆరకముందే పిరుదులు, డొక్కలు, భుజాలు చేత్తో తడిమి చూడండి. వాపు గీత ఉంటే ఏ పక్క, ఎన్ని, ఎంత పొడవు, కొలిచి రాయండి. వెంటనే కనబడకపోయినా కొన్నిసార్లు తర్వాత లేస్తుంది, సాయంత్రం స్టేబుల్లో ఇంకోసారి చూడండి. కాగితంలో జాకీ పేరుతోపాటు ఓనరు పేరు, ట్రైనరు పేరు కూడా రాయండి. ఆ గడి ఫారంలో లేకపోతే కింద ఖాళీలో రాసి సంతకం చేయండి.